నల్లదొన పేజీ

మా పక్క స్థలంలో ఎవరో ఇల్లు కడుతున్నారు. మొన్న పొద్దున లారీ వచ్చి మా గేటు పక్కనే ఇసుక కుమ్మరించి పోయింది. ఇంకా తడి ఆరని ఇసుక. కిటికీ తెరవగానే ఆ వాసన గదిలోకి వచ్చింది. కొంచెం బురద, కొంచెం నాచు, ఎక్కడో అడుగున చేపవాసన. హిందూపురంలో ఇన్నేళ్ళుగా కాపురం ఉంటున్నాను, ఇసుక లారీలు నాకు కొత్త కాదు. అయినా ఆ వాసన తగిలితే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఇల్లు కట్టించుకుంటున్నాయన నన్ను చూసి, మంచి ఏటి ఇసుక దొరికింది సార్ అని సంతోషంగా చెప్పాడు. అవునన్నట్టు తలూపి కిటికీ మూసేశాను. ఆ పూట కాఫీ కూడా సయించలేదు. రహంతుల్లా సారు గుర్తొచ్చారు.

మీలో ఎవరూ ఆయన్ను చూసి ఉండరు. ధర్మవరంలో జంతుశాస్త్రం లెక్చరరుగా పనిచేసి రిటైరయిన మనిషి. తొంభైల చివర్లో నేను ఎమ్మెస్సీ ముగించి పనీ పాటా లేకుండా తిరుగుతున్న రోజుల్లో, ఏటి మీద ఏదో సర్వేకు ఆయనకు సహాయకుడు కావాలని తెలిసినవాళ్ళు చెప్పి హిందూపురం స్టేషనుకు పంపారు. ధర్మవరం బండి దిగినవాళ్ళలో ప్రొఫెసరులాంటి మనిషి కోసం వెతుకుతున్నాను. భుజాన గుడ్డసంచి, చంకలో తెల్ల పింగాణీ పళ్ళెం పెట్టుకున్న బక్కపలచటి పెద్దాయన వచ్చి నా ముందు నిలబడ్డారు. తినుబండారాలు అమ్ముకునే మనిషి అనుకుని, వద్దన్నట్టు చెయ్యి ఊపాను. ఆయన నవ్వి, "అమ్మేదేం లేదప్పా. ఏరు చూసేకి వచ్చినా. నువ్వేనా నాతో వచ్చేది?" అన్నారు. మొదటిరోజే అలా తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత జరిగినదానితో పోలిస్తే అదేమంత పెద్ద సిగ్గు కాదు.

ఏరంటే మా పెన్న. ఏడాదిలో కొన్నాళ్ళు నీళ్ళు పారతాయి, మిగతా రోజులంతా ఇసుకే. పరిగి నుంచి రొద్దం దాకా ఉన్న భాగానికి చట్టం కింద ప్రత్యేక రక్షణ ఇవ్వమని ఒడ్డు ఊళ్ళ రైతులు అర్జీ పెట్టుకున్నారు. ఇస్తే అక్కడ ఇసుక తవ్వకం, ఏటిలో లోతు బోర్లు వేయడం ఆగిపోతాయి. ఇవ్వాలా వద్దా తేల్చడానికి ఒక కమిటీ ఏర్పాటయింది. కమిటీ తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటే. ఈ ఏటిలో ఏడాది పొడుగునా జీవం నిలిచే చోటు ఉందా? ఉంటే కాపాడదగిన నది. లేకపోతే వాన వస్తే పారే వంక. ఏడాదిపాటు పన్నెండు చోట్ల చూసి, చూసింది చూసినట్టు రాసి ఇమ్మని సారును అడిగారు. ఆయన ఒప్పుకున్నారు.

కమిటీ పంపిన ఫారాలు ఎప్పుడూ నీళ్ళు పారే నదుల కోసం తయారైనవి. ప్రవాహం వేగం ఎంత, నీటి రంగు ఏమిటి అని గళ్ళు. నీళ్ళు లేకపోతే గీత పెట్టమని కింద సూచన. సారు ఆ గళ్ళ మీద తెల్లకాగితం అంటించి తన గళ్ళు గీశారు. ఇసుక ఎన్ని జానల లోతులో తడిగా ఉంది, చెలమ తీస్తే ఎంతసేపటికి నీరు ఊరింది, ఊరిన నీటిలో ఏం కదిలింది. పింగాణీ పళ్ళెం అందుకే. ఇసుకలో చేతులతో చెలమ తవ్వి, పక్కన కూర్చుని, ఊరిన నీటిని పళ్ళెంలో పోసి చూసేవారు. తెల్లటి పళ్ళెంలో గసగసాలంత పురుగులు ఈదుతుంటే నన్ను పిలిచి చూపేవారు. నీళ్ళు ఊరేదాకా కూర్చోవడం నాకు పరమ విసుగు. సంగటి, ఊరిబిండి తెచ్చుకున్న టిఫిన్ డబ్బా విప్పుతూ ఎండను తిట్టుకునేవాణ్ణి. ఆయన మాత్రం ఎవరి ఇంటి అరుగు మీదో కూర్చున్నంత నిమ్మళంగా ఉండేవారు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ప్రతి చోటుకూ ఒక పుస్తకం. చూసినవాడే రాయాలి, రాసినవాడే వేళ వేసి సంతకం పెట్టాలి. ఆ పేజీని ఇంకొకరు ముట్టకూడదు, ఆయన కూడా. ఒకసారి నేను తొందరలో తెల్లకంకణం పిట్టను చూసి కొంగ అని రాసేశాను. ఆయన చదివారు, ఆ చోట దిగేది ఏ పిట్టో తెలుసు కనుక తప్పని గ్రహించారు, అయినా దిద్దలేదు. వారం తర్వాత అదే చోటికి పిలుచుకుపోయి, పిట్ట వచ్చి వాలేదాకా నన్ను కూర్చోబెట్టారు. వంకర ముక్కు నాకే కనబడింది. నా రాత నేనే కొట్టేసి, కింద సరిగ్గా రాసి మళ్ళీ సంతకం పెట్టాను. మీరే దిద్దితే ఒక వారం మిగిలేది కదా సార్ అన్నాను. "నేను దిద్దితే అది నేను చూసినట్ల అవుతుంది. నేను చూడలేదు గదా" అన్నారు. ఇదేం చాదస్తం అని ఇంటికి పోయి మా అమ్మతో చెప్పుకుని నవ్వాను.

పన్నెండు చోట్లలో ఆయన ప్రాణమంతా ఒకదాని మీదే ఉండేది. రోడ్డు దిగి ఇసుకలో చాలా దూరం నడిస్తే, ఏరు మలుపు తిరిగే చోట నల్లరాతి బండల మధ్య ఒక మడుగు. దాన్ని నల్లదొన అనేవారు. కాలేజీ రోజుల నుంచీ ఆయన దాన్ని చూస్తూనే ఉన్నారు. మేము మొదటిసారి పోయినప్పుడు కింది ఊరి రైతు తిమ్మప్ప కూడా వచ్చాడు. దొన దిగువన మొదలయ్యే ఊటకాలువ కింద అతనికి మల్బరీ తోట ఉంది, పట్టుపురుగులు పెంచేవాడు. మమ్మల్ని చూసి బండల మీద ఉన్న తాబేళ్ళు ఒక్కొక్కటే నీళ్ళలోకి జారిపోయాయి. సారు ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా అయింది. "ఇది గుమ్మి అప్పా, విత్తనాల గుమ్మి. ఏరంతా ఎండిపోయినా ఈడ ఇంత మిగిలింటాది. నీళ్ళు రాంగానే చేపలూ అన్నీ ఈడనుంచే మళ్ళా ఏరంతా పోతాయి" అన్నారు. ఎండాకాలంలోనూ ఎండలేదా అని నేను అడిగితే, తాను చూసినప్పుడెల్లా నీళ్ళున్నాయని, ఈ ఏడూ చూస్తేనే రాయాలని చెప్పారు.

ఆ ఏడు వానలు సరిగ్గా లేవు. సంక్రాంతి దాటేసరికే చెలమల లోతు పెరిగిపోయింది. మార్చి ముగిసేసరికి తిమ్మప్ప ఇంటిల్లిపాదినీ తీసుకుని బెంగుళూరుకు కాంక్రీటు పనికి పోయాడు. సగం ఊరు అలాగే పోయింది. గొర్రెలవాళ్ళు మందలు తోలుకుని ఎక్కడెక్కడికో వెళ్ళిపోయారు. మే నెల పర్యటన పదిరోజులు ఉందనగా సారు మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. నేను ధర్మవరం పోతే పిండికట్టు కాలు దిండు మీద పెట్టుకుని పుస్తకాలు నా చేతికిచ్చారు. "ఎండాకాలం పేజీనే ముఖ్యం అప్పా. వానాకాలం ఏ వంకైనా బతికే ఉంటాది. నల్లదొన కాడికి మాత్రం తప్పకుండా పోవల్ల" అన్నారు. పోతాను సార్ అన్నాను. నిజంగానే పోవాలనుకున్నాను.

నాలుగు చోట్లు చూశాను. నాలుగూ ఎండిపోయి ఉన్నాయి. ఎంత తవ్వినా పొడి ఇసుకే జారి గుంట పూడుకుపోయేది. అయిదోది నల్లదొన. రోడ్డు దిగి కొంత దూరం నడిచాను. చెప్పుల్లోకి ఇసుక చేరి పాదాలు కాలుతున్నాయి, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. దరిదాపుల్లో మనిషి అన్నవాడు లేడు. నాలుగు చోట్లా పొడి అయినప్పుడు అయిదోది మాత్రం తడిగా ఉంటుందా అనుకున్నాను. ఒంట్లో బాగాలేకో, దారి తప్పో అయితే ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక సాకైనా ఉండేది. అవేవీ కావు. బద్ధకం, అంతే. వెనక్కి తిరిగి, వచ్చిన బస్సెక్కి పెనుకొండ చేరాను. బస్టాండులో ఫ్యాను కింద కూర్చుని, సుగంధి సోడా తాగి, నల్లదొన పుస్తకం తెరిచాను. నీళ్ళు లేవు, అడుగు ఎండి అరచేతి వెడల్పు పగుళ్ళు ఇచ్చింది, చేపలు, తాబేళ్ళు కనబడలేదు అని రాశాను. పొద్దున పదిన్నర అని వేళ వేసి సంతకం పెట్టాను. మిగతా ఏడు చోట్లకు మరుసటి రెండు రోజుల్లో బుద్ధిగా పోయి వచ్చాను. ఆ ఒక్కటే పోలేదు.

పుస్తకాలు తీసుకుని ధర్మవరం పోయాను. సారు ఒక్కొక్కటే చదువుతూ నల్లదొన దగ్గర ఆగిపోయారు. తర్వాత, పగుళ్ళు ఎంత వెడల్పో కూడా రాశావు, బాగా చూశావని మెచ్చుకున్నారు. నేను పెనుకొండ బస్టాండులో పుట్టించిన పగుళ్ళవి. "తాబేళ్ళ డిప్పలేమన్నా కనబడినాయా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే యాడికో పోయింటాయిలే" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అప్పుడైనా చెప్పి ఉంటే ఏమయ్యేది? మళ్ళీ ఎండలో పంపేవారు. మహా అయితే నాలుగు మాటలు అనేవారు. ఆ రోజుకింకా దొన అక్కడే ఉంది, మే నెల కూడా ముగియలేదు. నేను చెప్పింది ఇంకొకటి. ఈ ఒక్క పేజీ వల్ల అర్జీ పోతుందేమో సార్, దీన్ని కమిటీకి ఇవ్వకుంటే ఏం అన్నాను. ఆయన నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదు. "చూసింది దాచిపెట్టల్లనా?" అని మాత్రం అడిగారు.

జూన్ మొదట్లోనే పైన కర్ణాటకలో వానలు పడి ఏరు పారింది. సారు పిండికట్టు విప్పేసరికి దొన నిండిపోయి ఉంది. ఆయన కర్ర ఊతంతో పోయి చూసి వచ్చారు. తాబేళ్ళు బండల మీదే ఉన్నాయి. అది చూసి ఆయన నా పేజీని అనుమానించలేదు, తనను అనుమానించుకున్నారు. ఎండిపోయిన మడుగులోకి కూడా తాబేళ్ళు ఎక్కడినుంచో వస్తున్నాయంటే, అది విత్తనాల గుమ్మి అని ఇన్నేళ్ళు తాను అనుకున్నది పొరపాటేనని నాతో అన్నారు. అవును సార్, అయ్యుండొచ్చు అన్నాను.

విచారణ పెనుకొండలో జరిగింది. పొడుగాటి హాలు, ఒకవైపు రైతులు, ఒకవైపు లారీల తరపువాళ్ళు. ముందు తిమ్మప్పను పిలిచారు. నల్లదొన తన తాత కాలం నుంచీ ఎండిపోలేదని చెప్పాడు. ఈ వేసవిలో నువ్వు కళ్ళతో చూశావా అని కమిటీ పెద్ద అడిగాడు. "లేదు సామీ. బెంగుళూర్లో ఉండాము" అన్నాడు తిమ్మప్ప. అతని గొంతు తగ్గిపోయింది. తర్వాత నన్ను లేపారు. ఈ పేజీ రాసింది మీరేనా అన్నారు. నేనే అన్నాను. ఆ చోటికి స్వయంగా పోయి చూశారా అన్నారు. సారు నా పక్క కుర్చీలోనే, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని తలొంచుకుని కూర్చున్నారు. తిమ్మప్ప నా నోటికేసే చూస్తున్నాడు. "చూసినాను" అన్నాను. నా గొంతు కొంచెం కూడా వణకలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది. సారును మీరేమైనా చెబుతారా అని అడిగారు. ఆయన లేచి, గత సంవత్సరాల్లో తాను చూసింది చెప్పి, "ఈ యేడు నేను పోలేదు. పోయినోడు చెప్తాండాడు. అదే రాసుకోండి" అని కూర్చున్నారు.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఏడాది పొడుగునా జీవం నిలిచే చోటు ఉన్నట్టు రుజువు కాలేదు కనుక ప్రత్యేక రక్షణ అవసరం లేదని రాశారు. నల్లదొన పేజీని పేరుపెట్టి మరీ చూపించారు. ఆ తర్వాత జరిగింది మా వైపు అందరికీ తెలిసిందే. లారీలు వచ్చాయి, తర్వాత ఇసుక తోడే పెద్ద యంత్రాలు వచ్చాయి. దొన చుట్టూ ఇసుక పోయి, బండలు పగలగొట్టి, మలుపు మలుపంతా గుంతలైంది. ఊటకాలువ రెండు మూడేళ్ళకు మించి పారలేదు. తిమ్మప్ప మల్బరీ పీకేసి హిందూపురంలో ఒక గోడౌను దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. అప్పటికి నాకు జూనియర్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఒకరోజు బజార్లో అతనే నన్ను గుర్తుపట్టి ఆపాడు. తప్పించుకుపోదామని చూశాను, కుదరలేదు. పట్టుపురుగుల సంగతి, కొడుకు చదువు సంగతి మాట్లాడి చివర్లో, "నువ్వేం చేస్తావులే నాయనా, ఉండేది రాసినావు" అని నన్నే ఓదార్చాడు.

సారు మళ్ళీ ఏటికి పోలేదు. రికార్డులు కట్టగట్టి అటక మీద పెట్టేశారని విన్నాను. నేనూ ఆయన దగ్గరికి పోవడం తగ్గించాను. పండగలకు ఫోను చేయడం, పిల్లల సంగతి చెప్పడం, అంతవరకే. అలా ఆరేడేళ్ళు గడిచాయి. ఒకసారి మా కాలేజీలో పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని ఎవరో ఆయన్ను పిలిచారు. నేను ఆఖరి వరసలో కూర్చున్నాను. ఆయన ఏటి గురించి చెప్పడం మొదలుపెట్టి, మనం ఏది నిజం కావాలని కోరుకుంటామో అదే కళ్ళకు కనబడుతుందని, తనకూ అలాగే జరిగిందని చెప్పారు. అంతటితో ఆగలేదు. "మీ సార్‌ను చూడండి. పెద్దాయన బాధపడతాడని తెలిసి కూడా, చూసింది చూసినట్లే రాసినాడు. దాచిపెడదామా అని ఒక్క క్షణం మనసు పోయినా, హాల్లో నిలబడి నిజం చెప్పినాడు. ఆ పొద్దు నాకు గురువు ఈయప్పే" అని నావైపు చెయ్యి చూపించారు. పిల్లలంతా వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టాను. ఏం చేయాలో తోచక చేసిన పని అది. చెంపదెబ్బ కొట్టి ఉంటే ఇంతకన్నా మేలనిపించింది.

మరుసటి ఆదివారం పొద్దున బండికి ధర్మవరం పోయాను. వాళ్ళ వీధిలో ఏ ఇంట్లో చూసినా మగ్గాల చప్పుడే. సారు వరండాలో పేపరు చదువుతున్నారు. ఆయన భార్య టీ తెచ్చిపెట్టి లోపలికి వెళ్ళింది. టీ ముట్టకుండానే మొదలుపెట్టి అంతా చెప్పేశాను. రోడ్డు దిగి ఎంత దూరం నడిచిందీ, ఎక్కడ వెనక్కి తిరిగిందీ, బస్టాండులో కూర్చుని ఏం రాసిందీ. పగుళ్ళు అబద్ధమని చెప్పాను. హాల్లో చెప్పింది అబద్ధమని చెప్పాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లక అక్కడితో ఆపేశాను. తిడతారని కాచుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, తిడితే బాగుండుననే పోయాను.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. అటక వైపు ఒకసారి చూశారు. మెల్లగా నావైపు కొంచెం వంగి, క్లాసులో పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగారు.

"అయితే ఆ యేడు దొనలో నీళ్ళుండెనా?"

"తెలీదు సార్. నేను పోలేదు."

"తాబేళ్ళు?"

"తెలీదు సార్."

ఆయన తలూపారు. అడగడానికి ఇంకెవరూ లేరని మా ఇద్దరికీ తెలుసు. ఆ వేసవిలో తిమ్మప్ప బెంగుళూరులో ఉన్నాడు, గొర్రెలవాళ్ళూ అక్కడ లేరు, ఇప్పుడు పోయి చూద్దామంటే ఆ దొనే లేదు. అది నిజంగా ఎండిపోయిందో, ఆయన అనుకున్నట్టే ఆ కరువులోనూ నాలుగు తాబేళ్ళను దాచుకుని ఉందో ఇక తేలదు. ఆయన జీవితమంతా చూసింది తప్పో ఒప్పో కూడా తేలదు. టీ చల్లారిపోతోంది, తాగమని చెప్పారు. తాగాను. గేటు దాకా వచ్చి సాగనంపారు. తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు.

ఆ తర్వాత ఏడాది తిరగకముందే ఆయన పోయారు. ఈ మధ్య నా విద్యార్థులు ప్రాక్టికల్ రికార్డులు తెచ్చినప్పుడు ప్రతి పేజీకీ ఇది నువ్వు చూశావా అని అడుగుతుంటాను, విసుక్కుంటారు. అడిగే అర్హత నాకు లేదని వాళ్ళకు తెలియదు. సారు నన్ను క్షమించారా లేదా అన్నది ఇప్పుడు నన్నంతగా పీడించడం లేదు. ఆయన చివరికి నన్ను అడిగింది చాలా చిన్న సంగతి. ఒక మే నెలలో, ఒక మడుగులో, నీళ్ళున్నాయా లేవా అని. దానికి జవాబు తెచ్చిపెట్టమని ఆయన పంపింది ఒక్కడినే. ఆ ఒక్కడూ నేనే.